వీసెంటర్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం

వీసెంటర్ సర్వర్ అనేది డేటా సెంటర్‌లోని వర్చువల్ మెషిన్లన్నిటినీ ఒకే చోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్. ఒక భౌతిక సర్వర్‌లోని ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కులను పంచి, దానిమీద పదుల సంఖ్యలో కంప్యూటర్లు, అంటే వర్చువల్ మెషిన్లు, వేటికవి విడిగా నడిచేలా చేసే విధానమే వర్చువలైజేషన్. అలా పంచిపెట్టే పని హైపర్‌వైజర్‌ది. వీఎంవేర్ సంస్థ తయారుచేసిన హైపర్‌వైజర్ పేరు ఈఎస్‌ఎక్స్‌ఐ. దాన్ని ఎక్కించిన భౌతిక సర్వర్‌ను హోస్ట్ అంటారు. హోస్టులు ఒకటో రెండో ఉంటే ఒక్కోదానిలోకి విడిగా లాగిన్ అయి చూసుకోవచ్చు. యాభై, వంద అయ్యేసరికి ఆ పద్ధతి సాగదు. ఏ మెషిన్ ఎక్కడుంది, ఎవరికి ఏ అనుమతి ఉంది, ఏ హోస్ట్ మీద భారం పెరిగింది అన్న లెక్కలన్నీ ఒక చోట ఉండాలి. ఆ చోటే వీసెంటర్.

వీఎంవేర్ 1998లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మొదలైంది. ఈ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను 2003లో వర్చువల్‌సెంటర్ పేరుతో విడుదల చేసింది. నడుస్తున్న మెషిన్‌ను ఆపకుండానే ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కు తరలించే వీమోషన్ సదుపాయం దానితోనే వచ్చింది. 2009లో నాలుగో వెర్షన్ వెలువడే నాటికి వీసెంటర్ సర్వర్ అనే పేరు స్థిరపడింది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కంపెనీ కొనుగోలు చేసింది.

అప్‌గ్రేడ్ గురించి తెలుసుకునే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. వీసెంటర్ ఆగిపోతే ఏమవుతుంది? వర్చువల్ మెషిన్లు ఆగవు. అవి నడిచేది హోస్టుల మీద కాబట్టి, వెబ్‌సైటైనా, డేటాబేసైనా, బిల్లింగ్ సాఫ్ట్‌వేరైనా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఒక హోస్ట్ హఠాత్తుగా చెడిపోతే, దాని మీది మెషిన్లను మిగతా హోస్టుల మీద మళ్లీ ఆన్ చేసే హై అవైలబిలిటీ సదుపాయం కూడా పనిచేస్తుంది. దాన్ని అమర్చిపెట్టేది వీసెంటరే అయినా, నడిపేది హోస్టుల్లో ఉండే ఏజెంట్లు. మెషిన్ల మధ్య నెట్‌వర్క్ రాకపోకలకూ అంతరాయం ఉండదు.

ఆగేవి నిర్వహణ పనులు. కొత్త మెషిన్లు టెంప్లేట్ల నుంచి తయారుకావు. వీమోషన్ జరగదు. భారాన్ని బట్టి మెషిన్లను హోస్టుల మధ్య సర్దే డీఆర్‌ఎస్ నిలిచిపోతుంది. వీసెంటర్‌ను అడిగి పనిచేసే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు దారి దొరకదు. అంటే వీసెంటర్ అప్‌గ్రేడ్ వల్ల వాడకందారులకు కలిగే ఇబ్బంది తక్కువ, నిర్వాహకులకు కలిగే ఇబ్బంది ఎక్కువ. వాడకందారులెవరూ ఫిర్యాదు చేయరు కాబట్టే ఈ పని చాలాచోట్ల ఏళ్ల తరబడి వాయిదా పడుతూ ఉంటుంది.

ఆ వాయిదాకు గడువులున్నాయి. ఈఎస్‌ఎక్స్‌ఐ, వీసెంటర్ కలిసిన ఉత్పత్తి పేరు వీస్పియర్. దాని 6.5, 6.7 వెర్షన్లకు సాధారణ సపోర్ట్ 2022 అక్టోబరు 15న ముగిసింది. 7వ వెర్షన్‌కు 2025 అక్టోబరు 2న ముగిసింది. 8వ వెర్షన్‌కు 2027 అక్టోబరు 11 వరకు ఉంది. సపోర్ట్ ముగిసిన మర్నాడే సాఫ్ట్‌వేర్ ఆగిపోదు. కానీ ఆ తర్వాత బయటపడే భద్రతా లోపాలకు ప్యాచ్‌లు మామూలుగా రావు.

వీసెంటర్ విషయంలో భద్రతా లోపమంటే చిన్న సంగతి కాదు. వీసెంటర్ చేజిక్కిన వ్యక్తికి దాని కింద ఉన్న ప్రతి మెషిన్ చేజిక్కినట్టే. 2021లో ఫిబ్రవరి, మే, సెప్టెంబరు నెలల్లో మూడు తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. తీవ్రతను పదికి కొలిచే పద్ధతిలో మూడింటికీ 9.8 పడింది. పాస్‌వర్డ్ తెలియకపోయినా, నెట్‌వర్క్‌లో వీసెంటర్‌ను చేరగలిగితే చాలు, దాడి చేయడానికి అవి వీలు కల్పించాయి. 2023 అక్టోబరులో మళ్లీ అంతే తీవ్రత ఉన్న ఇంకో లోపం వెల్లడైంది. దాని ప్రమాదాన్ని బట్టి, అప్పటికి సపోర్ట్ ముగిసిన 6.5, 6.7 వెర్షన్లకు కూడా కంపెనీ ప్యాచ్ ఇవ్వవలసి వచ్చింది. అది మినహాయింపే తప్ప ఆనవాయితీ కాదు.

హోస్టుల వైపు నిర్లక్ష్యం ఎలా ముగుస్తుందో అదే ఏడాది ఫిబ్రవరిలో తెలిసివచ్చింది. ఈఎస్‌ఎక్స్‌ఐ ఆర్గ్స్ పేరుతో వ్యాపించిన రాన్సమ్‌వేర్ ఫ్రాన్స్‌లోనూ, మరికొన్ని దేశాల్లోనూ వేల హోస్టులను దెబ్బతీసింది. కొత్త లోపాన్ని వాడుకున్నట్టు ఆధారాలు లేవనీ, సపోర్ట్ ముగిసిన వెర్షన్లు, బాగా పాతబడిన వెర్షన్లే దాడికి గురయ్యాయనీ వీఎంవేర్ ప్రకటించింది. ఆ దాడితో ముడిపెట్టిన లోపానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే, అంటే రెండేళ్ల ముందే వచ్చింది.

అప్‌గ్రేడ్ దారి ఎలా ఉంటుందన్నది ఇప్పుడున్న వీసెంటర్ ఏ కాలానిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. తొలినాళ్లలో వీసెంటర్ అంటే విండోస్ సర్వర్ మీద ఎక్కించే ప్రోగ్రామ్. దానికి తోడుగా ఒక డేటాబేస్ ఉండేది. 2011లో ఐదో వెర్షన్‌తో అప్లయన్స్ వచ్చింది. అప్లయన్స్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, వీసెంటర్ మూడూ కలిపి సిద్ధం చేసిన వర్చువల్ మెషిన్. మొదట్లో అది సూసె లినక్స్ మీద నడిచేది. 2016లో వచ్చిన 6.5 నుంచి వీఎంవేర్ సొంత లినక్స్ అయిన ఫోటాన్ మీదికి మారింది. లోపల ఉండే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. విండోస్ రూపాన్ని నిలిపివేస్తున్నట్టు 2017 ఆగస్టులో ప్రకటన వెలువడింది. 2018 నాటి 6.7 వెర్షనే విండోస్ మీద నడిచిన చివరి వీసెంటర్. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 7.0 నుంచి అప్లయన్స్ ఒక్కటే మిగిలింది. విండోస్ మీద ఉన్న 6.5, 6.7లను అప్లయన్స్‌గా మార్చేందుకు 7.0 ఇన్‌స్టాలర్‌తోపాటు మైగ్రేషన్ అసిస్టెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. దాన్ని పాత విండోస్ సర్వర్‌లో నడుపుతూ ఉంచితే, కొత్త అప్లయన్స్ దాని నుంచి సమాచారం తీసుకుంటుంది.

ఈ మధ్యలో ఇంకో మలుపు ఉంది. 2015 నాటి 6.0 వెర్షన్‌లో లాగిన్‌ను, సర్టిఫికెట్లను, లైసెన్సులను చూసే భాగాన్ని ప్లాట్‌ఫామ్ సర్వీసెస్ కంట్రోలర్ పేరుతో వేరుచేశారు. పెద్ద సంస్థలు దాన్ని విడి సర్వర్‌గా పెట్టుకున్నాయి. 7.0లో అది తిరిగి వీసెంటర్ లోపలికే వచ్చేసింది. విడి కంట్రోలర్ ఉన్నచోట దాన్ని లోపల కలిపే పని అప్‌గ్రేడ్‌లో భాగంగానే జరుగుతుంది. దాని మీద ఆధారపడిన వీసెంటర్లన్నీ మారాకే పాత కంట్రోలర్‌ను తొలగించాలి. ముందే తొలగిస్తే ఇంకా మారని వీసెంటర్లకు లాగిన్ ఉండదు.

వెర్షన్ల మధ్య ఎంత దూరమైనా ఒకేసారి దూకడం కుదరదు. 8.0కు నేరుగా వెళ్లాలంటే ఇప్పుడున్నది 6.7 గానీ ఆ పైది గానీ అయి ఉండాలి. 6.5లో ఉన్నవారు ముందు 6.7కో 7.0కో చేరి, అక్కడి నుంచి 8.0కు రావాలి. 2025 జూన్‌లో వచ్చిన 9.0కు దారి 8.0 నుంచే, 7.0 నుంచి నేరుగా లేదు. దీనితోపాటు విడుదల తేదీల చిక్కు ఒకటుంది. 7.0 శ్రేణిలో ఆలస్యంగా వచ్చిన ప్యాచ్, 8.0 తొలి విడుదల కంటే తాజాది కావచ్చు. అలాంటి ప్యాచ్ పడిన వీసెంటర్‌ను 8.0 తొలి విడుదలకు మార్చడానికి వీల్లేదు. ఆ ప్యాచ్‌లోని సవరణలు తొలి విడుదలలో ఉండవు గనక, అంకె పెరిగినా సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లినట్టవుతుంది. అంతకంటే తర్వాత వెలువడిన 8.0 అప్‌డేట్‌నే ఎంచుకోవాలి.

వరస విషయంలో నియమం ఒక్కటే. పాలించేది పాలితం కంటే పాతది కాకూడదు. వీసెంటర్ తనకంటే పాత హోస్టులను నిర్వహించగలదు. కొత్త హోస్టులను నిర్వహించలేదు. 8.0 వీసెంటర్ కింద 6.7, 7.0, 8.0 హోస్టులు మూడూ నడుస్తాయి. 7.0 వీసెంటర్ కింద 8.0 హోస్ట్ చేరదు. కాబట్టి ముందు వీసెంటర్, తర్వాత హోస్టులు, ఆ తర్వాత మెషిన్ల లోపల ఉండే వీఎంవేర్ టూల్స్ అనే సహాయక సాఫ్ట్‌వేర్, చివరికి మెషిన్ల వర్చువల్ హార్డ్‌వేర్. వీటన్నిటికంటే ముందు చూడవలసింది వీసెంటర్ మీద ఆధారపడిన ఇతర ఉత్పత్తులను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్, స్టోరేజ్ కంపెనీల ప్లగిన్లు, ఎన్‌ఎస్‌ఎక్స్ నెట్‌వర్కింగ్, వర్చువల్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఇవన్నీ కొత్త వీసెంటర్‌తో పొసగాలి. ఏది దేనితో కలుస్తుందో చూపే పట్టికను కంపెనీ ఇస్తుంది. కలవనివాటిని ముందుగా మార్చుకున్నాకే వీసెంటర్ జోలికి వెళ్లాలి.

పేరు అప్‌గ్రేడ్ అయినా, ఒక పెద్ద వెర్షన్ నుంచి మరో పెద్ద వెర్షన్‌కు మారేటప్పుడు ఉన్న వీసెంటర్‌నే సరిదిద్దరు. దాని పక్కనే కొత్త అప్లయన్స్ పుడుతుంది. పాతదాని సమాచారాన్ని, పేరును, ఐపీ అడ్రస్‌ను తాను తీసుకుని ఆ స్థానంలో నిలబడుతుంది. ఒక అధికారి బదిలీ అయి, వచ్చిన అధికారికి దస్త్రాలూ ముద్రలూ అప్పగించి ఛార్జి ఇచ్చినట్టుగా ఇది జరుగుతుంది. ఈ పద్ధతిలో పాత సర్వర్ చెక్కుచెదరకుండా మిగులుతుంది. వెనక్కి వెళ్లడానికి దారి కొంతకాలం తెరిచే ఉంటుందన్నది దీని లాభం. పేరు, కాలం, పాస్‌వర్డ్, సర్టిఫికెట్ వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా అప్పగింత మధ్యలో ఆగిపోతుందన్నది దీని చిక్కు. సిద్ధపాటులో ఎక్కువ భాగం ఈ నాలుగింటి కోసమే.

మొదటిది పేరు. వీసెంటర్ పూర్తి పేరు డీఎన్‌ఎస్‌లో రెండు వైపులా సరిపోవాలి. పేరు అడిగితే ఐపీ రావాలి, ఐపీ అడిగితే అదే పేరు రావాలి. ముందుకు వెతికితే దొరికి, వెనక్కి వెతికితే దొరకని డీఎన్‌ఎస్‌లు చాలాచోట్ల కనిపిస్తాయి. రోజువారీ పనిలో ఆ లోపం బయటపడదు. అప్‌గ్రేడ్ నాడు బయటపడుతుంది.

రెండోది కాలం. వీసెంటర్, హోస్టులు, సంస్థ ఖాతాలను ఉంచే యాక్టివ్ డైరెక్టరీ ఒకే గడియారాన్ని అనుసరించాలి. అందుకోసం అన్నీ ఒకే ఎన్‌టీపీ సర్వర్‌ను చూడాలి. లాగిన్ టోకెన్లకు, సర్టిఫికెట్లకు కాలపరిమితి ఉంటుంది. గడియారాల మధ్య తేడా వస్తే అవి చెల్లవు.

మూడోది పాస్‌వర్డ్. అప్లయన్స్‌లోని రూట్ ఖాతాకు, లాగిన్ వ్యవస్థలోని అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు పాస్‌వర్డ్ గడువు ఈమధ్య వెర్షన్లలో మామూలుగా 90 రోజులు. రూట్ ఖాతాతో రోజూ పని ఉండదు గనక దాని గడువు దాటిపోయిన సంగతి ఎవరి దృష్టికీ రాదు. ఇన్‌స్టాలర్‌కు ఈ రెండు పాస్‌వర్డ్‌లూ కావాలి. ముందురోజే రెండింటితోనూ లాగిన్ అయి చూడాలి.

నాలుగోది సర్టిఫికెట్. వీసెంటర్ లోపల పైకి కనిపించేవి, కనిపించనివి చాలా సర్టిఫికెట్లుంటాయి. లాగిన్ టోకెన్లపై సంతకం చేసే ఎస్‌టీఎస్ సర్టిఫికెట్ కనిపించని రకం. 6.5 అప్‌డేట్ 2, ఆ తర్వాతి కొన్ని విడుదలలతో కొత్తగా పెట్టిన వీసెంటర్లలో దాని ఆయుష్షు రెండేళ్లే. అది తీరిన రోజున పాస్‌వర్డ్ సరైనదే అయినా ఎవరూ లోపలికి వెళ్లలేరు. దాని తేదీ చూడకుండా అప్‌గ్రేడ్ మొదలుపెట్టకూడదు.

ఆ తర్వాత పరిమాణం. కొత్త అప్లయన్స్‌కు ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు ఇవ్వాలన్నది దాని కింద ఎన్ని హోస్టులున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటే చిన్న సైజు 10 హోస్టులకు, 100 మెషిన్లకు సరిపోతుంది. తర్వాతిది 100 హోస్టులకు, 1000 మెషిన్లకు. ఆపైది 400 హోస్టులకు, 4000 మెషిన్లకు. మెషిన్ల ఫైళ్లుండే డేటాస్టోర్‌లో పాత, కొత్త సర్వర్లు రెండూ కొంతకాలం పక్కపక్కనే ఉండేంత ఖాళీ కావాలి. నెట్‌వర్క్‌లో ఒక తాత్కాలిక ఐపీ అడ్రస్ సిద్ధంగా ఉంచాలి. కొత్త అప్లయన్స్‌ను డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌కు, అంటే హోస్టులన్నిటికీ ఉమ్మడిగా ఉండే వర్చువల్ స్విచ్‌కు, తగిలించాలంటే ఎఫెమరల్ రకం పోర్ట్ గ్రూప్ అవసరం. మిగతా రకాల పోర్ట్‌లను కేటాయించేది వీసెంటరే. కొత్తదింకా పూర్తిగా పుట్టలేదు గనక దాన్ని నేరుగా హోస్ట్ మీదే తగిలించగలిగే ఈ రకమే పనికొస్తుంది.

అన్నిటికంటే చివరగా, అన్నిటికంటే ముఖ్యంగా, బ్యాకప్. వీసెంటర్‌కు 5480 పోర్ట్‌లో ఒక నిర్వహణ పేజీ ఉంటుంది. అక్కడి నుంచి సమాచారాన్నంతా ఫైళ్ల రూపంలో వేరే సర్వర్‌కు పంపవచ్చు. తిరిగి పెట్టాలంటే అదే బిల్డ్‌కు చెందిన ఇన్‌స్టాలర్ కావాలి. కాబట్టి బ్యాకప్‌తోపాటు పాత ఇన్‌స్టాలర్ ఉన్న ఐఎస్‌ఓ ఫైల్‌ను కూడా భద్రపరచాలి. దానికి తోడు, ఆ క్షణానికి మెషిన్ స్థితిని నిలిపి ఉంచే స్నాప్‌షాట్ తీసుకోవడం వాడుక. లింక్డ్ మోడ్‌లో కలిసిన వీసెంటర్లుంటే ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. అవి లాగిన్ సమాచారాన్ని ఎప్పటికప్పుడు ఇచ్చిపుచ్చుకుంటాయి. అన్నిటినీ ఒకేసారి ఆపి, అన్నిటికీ స్నాప్‌షాట్ తీయాలి. వెనక్కి వెళ్లవలసి వస్తే అన్నిటినీ కలిపే వెనక్కి తీసుకెళ్లాలి. ఒక్కదాన్నే వెనక్కి తిప్పితే దాని దగ్గరి లెక్కకూ, మిగతావాటి దగ్గరి లెక్కకూ పొంతన కుదరదు.

పని మొదలుపెట్టే సమయం ముందుగా ఖరారు చేసుకోవాలి. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో చాలామంది నిర్వాహకులు చూసేది అమెరికా సంస్థల డేటా సెంటర్లను. అక్కడి తూర్పు తీరంలో శనివారం రాత్రి 10 గంటలంటే, వేసవిలో ఇక్కడ ఆదివారం ఉదయం 7:30. బ్యాకప్ జాబులు ఆ సమయంలో నడవకుండా ఆపి ఉంచాలి. పాత వీసెంటర్ ఏ హోస్ట్ మీద ఉందో రాసుకోవాలి. మధ్యలో అది మరో హోస్ట్‌కు కదలకుండా డీఆర్‌ఎస్‌ను మాన్యువల్‌కు మార్చాలి.

ఇక అసలు పని రెండు దశలు. నిర్వాహకుడి ల్యాప్‌టాప్‌లో ఐఎస్‌ఓ తెరిచి ఇన్‌స్టాలర్ నడిపితే మొదటి దశ మొదలవుతుంది. పాత వీసెంటర్ పేరు, పాస్‌వర్డ్‌లు, కొత్త అప్లయన్స్ ఏ హోస్ట్ మీద పుట్టాలి, ఏ డేటాస్టోర్‌లో ఉండాలి, తాత్కాలిక ఐపీ ఏది అన్నవి అది అడుగుతుంది. ఈ దశలో ఖాళీ అప్లయన్స్ సిద్ధమవుతుంది. పాతది ఎప్పటిలాగే పనిచేస్తూ ఉంటుంది. ఇక్కడ ఏదైనా తేడా వస్తే కొత్తదాన్ని తీసేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. నష్టం ఉండదు. మొదటి దశ ముగిశాక కొత్త అప్లయన్స్‌కు ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచితే, రెండో దశ చెడినా ఇక్కడి నుంచే తిరిగి ప్రయత్నించవచ్చు.

రెండో దశ ముందస్తు పరీక్షతో మొదలవుతుంది. సర్టిఫికెట్, ప్లగిన్, ఖాళీ స్థలం లాంటి వాటిలో లోపాలుంటే ఇన్‌స్టాలర్ ఇక్కడే చెబుతుంది. తర్వాత ఎంత సమాచారం తరలించాలో అడుగుతుంది. అమరికలు, మెషిన్ల జాబితా మాత్రమే తీసుకోవచ్చు. వాటితోపాటు జరిగిన పనుల చరిత్రను తీసుకోవచ్చు. పనితీరు గణాంకాలను కూడా కలుపుకోవచ్చు. చరిత్ర పెరిగేకొద్దీ సమయం పెరుగుతుంది. ఆడిట్ అవసరాలున్న బ్యాంకులాంటి సంస్థ చరిత్రను వదులుకోలేదు. చిన్న సంస్థకు అది అంతగా అవసరం కాకపోవచ్చు. సమాచారం ఎగుమతి అయ్యాక పాత సర్వర్ ఆగిపోతుంది. కొత్తది తాత్కాలిక ఐపీ వదిలేసి పాతదాని పేరు, ఐపీ తీసుకుంటుంది. తన సర్వీసులను ఒక్కొక్కటిగా మొదలుపెడుతుంది. నిర్వహణ ఆగే సమయం ఇదే.

కొత్త వీసెంటర్‌లోకి లాగిన్ అయినంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. హోస్టులన్నీ కనెక్ట్ అయినట్టు కనిపించాలి. హై అవైలబిలిటీ ఏజెంట్లలో లోపాలు ఉండకూడదు. ఒక మెషిన్‌ను వీమోషన్‌తో కదిపి చూడాలి. వేర్వేరు హోదాల ఖాతాలతో లాగిన్ అయి అనుమతులు సరిగా ఉన్నాయో లేదో సరిచూడాలి. డీఆర్‌ఎస్‌ను పాత స్థితికి తేవాలి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఒక జాబ్ నడిపి, అది పూర్తయ్యేవరకు చూడాలి. పెద్ద వెర్షన్ మారితే పాత లైసెన్స్ కీ పనికిరాదు. కొత్తది వేయకపోతే 8.0లో 60 రోజుల మూల్యాంకన గడువు నడుస్తుంది. అది తీరాక హోస్టులు వీసెంటర్ నుంచి విడిపోతాయి. బ్రాడ్‌కామ్ 2023 డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మారింది. కాబట్టి లైసెన్స్ సంగతి అప్‌గ్రేడ్‌కు ముందే తేల్చుకోవలసిన ఖర్చు.

పరీక్షల్లో పెద్ద లోపం బయటపడితే వెనక్కి వెళ్లడం తేలికే. కొత్త అప్లయన్స్‌ను ఆపి, పాతదాన్ని ఆన్ చేస్తే చాలు. అయితే హోస్టులను కొత్త వెర్షన్‌కు మార్చాక గానీ, డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ వెర్షన్ పెంచాక గానీ ఈ దారి మూసుకుపోతుంది. పాత వీసెంటర్ వాటిని నిర్వహించలేదు. స్విచ్ వెర్షన్‌ను తిరిగి తగ్గించడం కుదరదు. అందుకే ఈ రెండు పనులనూ కొన్ని రోజులు ఆగి, కొత్త వీసెంటర్ మీద నమ్మకం కుదిరాకే చేస్తారు. ఈలోగా పాత సర్వర్‌ను ఎవరూ పొరపాటున ఆన్ చేయకుండా దాని పేరు మార్చి, నెట్‌వర్క్ కార్డు విడదీసి ఉంచాలి. ఒకే ఐపీతో రెండు వీసెంటర్లు లేస్తే హోస్టులు దేని మాట వినాలో తెలియని పరిస్థితి వస్తుంది.

హోస్టుల వంతు వచ్చినప్పుడు హార్డ్‌వేర్ వయసు అడ్డుపడవచ్చు. 7.0లో పాత లినక్స్ తరహా డ్రైవర్లను పూర్తిగా తీసేశారు. వాటి మీద ఆధారపడిన నెట్‌వర్క్ కార్డులు, స్టోరేజ్ కార్డులు కొత్త ఈఎస్‌ఎక్స్‌ఐకి కనిపించవు. 8.0లో ఇంటెల్ శాండీబ్రిడ్జ్ తరం ప్రాసెసర్లకు సపోర్ట్ పోయింది. అలాంటి హోస్టులు మిగిలిన సంస్థ వీసెంటర్‌ను 8.0కు చేర్చి, హోస్టులను 7.0లోనే ఉంచి, కొత్త హార్డ్‌వేర్ వచ్చేవరకు నెట్టుకురావచ్చు. కానీ 7.0 సపోర్ట్ గడువు కూడా ముగిసింది గనక అది తాత్కాలిక ఏర్పాటే.

నిర్వహణ ఆగే సమయాన్ని తగ్గించే ప్రయత్నాలు ఇటీవలి వెర్షన్లలో జరిగాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన 8.0 అప్‌డేట్ 2లో, పాత వీసెంటర్ పనిచేస్తూ ఉండగానే సమాచారం కొత్తదానిలోకి చేరి, చివరి మార్పిడికి మాత్రం కొద్ది నిమిషాల విరామం సరిపోయే పద్ధతి ప్రవేశపెట్టారు. పద్ధతి మారినా సూత్రం మారలేదు. అక్కడా కొత్త సర్వరే పుట్టి పాతదాని గుర్తింపును తీసుకుంటుంది. డీఎన్‌ఎస్, గడియారం, పాస్‌వర్డ్, సర్టిఫికెట్ అక్కడా ముందే సరిగా ఉండాలి.

హోస్టులన్నీ మారి, వాటి మీది మెషిన్లలో టూల్స్, వర్చువల్ హార్డ్‌వేర్ తాజా వెర్షన్‌కు చేరి, కొత్త వీసెంటర్‌కు రోజువారీ ఫైల్ బ్యాకప్ షెడ్యూల్ అయ్యాక పాత అప్లయన్స్‌ను డిస్క్ మీది నుంచి తొలగించవచ్చు. కొత్త వెర్షన్ సపోర్ట్ గడువును, ఎస్‌టీఎస్ సర్టిఫికెట్ గడువును, రూట్ పాస్‌వర్డ్ గడువును సంస్థ క్యాలెండర్‌లో నమోదు చేయడంతో అప్‌గ్రేడ్ పూర్తవుతుంది.